డ్రమ్ సాఫ్ట్‌వేర్‌లో దరువు కట్టడం: ముందు నోరు, తర్వాత చేయి, చివర మౌసు

పాలకొల్లు నుంచి మీరు రాసిన ప్రశ్నను రెండుసార్లు చదివాను. ఇంట్లోనే ఒక గది సర్దుకుని చుట్టుపక్కల గాయకుల పాటలు రికార్డు చేస్తున్నారు. క్రిస్మస్‌కు ముందు క్రైస్తవ గీతాలు, సంక్రాంతికి పల్లె పాటలు, వేసవిలో అమ్మవారి జాతర పాటలు. ల్యాప్‌టాప్, చిన్న సౌండ్ కార్డు, ఆర్కెస్ట్రా రోజుల నాటి ఆక్టోప్యాడ్ (పుల్లలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్), ఈజీడ్రమ్మర్ 3 అనే డ్రమ్ సాఫ్ట్‌వేర్ మీ దగ్గర ఉన్నాయి. లైబ్రరీలోని గ్రూవ్‌లను, అంటే తయారు దరువు ముక్కలను, ఒకదాని పక్కన ఒకటి పేర్చి పాట నింపుతున్నారు. శబ్దం బాగుంది కానీ ఎవరో మనిషి వాయించినట్టు లేదని గాయకులు అంటున్నారు. తిశ్ర నడక (మూడేసి అక్షరాల నడక) పాటలు అసలే కుదరడం లేదు. డప్పు కలిపితే అంతా గందరగోళమవుతోంది. ఇంకా పెద్ద లైబ్రరీ కొంటే ఇది తీరుతుందా అని అడిగారు.

తీరదు, కొనవద్దు. ఇంకా పెద్ద డ్రమ్ సాఫ్ట్‌వేర్ అయిన సుపీరియర్ డ్రమ్మర్ 3లో సుమారు 230 జీబీ శబ్దాలున్నాయి. అవన్నీ తెచ్చి పెట్టినా, ఈ పాటకు ఏ దరువు కావాలో మీలో తేలకపోతే మీ ముందు ఎంపికలు పెరుగుతాయి తప్ప పాట మారదు. మీ దగ్గరున్నది మంచి పనిముట్టు. లోపమల్లా పని వరుసలో ఉంది. మీరు సాఫ్ట్‌వేర్ తెరిచి దరువు వెతుకుతున్నారు. దరువు దొరికాకే సాఫ్ట్‌వేర్ తెరవాలి.

నేను ఇరవై ఏళ్లకు పైగా కోనసీమలో ఈ పని చేస్తున్నాను. అంతకు ముందు ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయించాను. ఇన్నేళ్లలో నాకు కుదిరిన పద్ధతి ఇది. గాయకుడి గైడు గొంతు, దానికి తోడు హార్మోనియమో కీబోర్డో, ఈ రెండే ముందు రికార్డు చేస్తాను. వాటిని వింటూ మైకు ముందు కూర్చుని పాట మొత్తానికి నోటితో దరువు వేస్తాను. తకధిమి అంటానా, డుమ్ టక్ అంటానా అన్నది ముఖ్యం కాదు. పల్లవి నుంచి చివరి చరణం దాకా ఆపకుండా ఒక్క ఊపులో అనాలి. దీన్ని ఒక ట్రాకుగా ఉంచి ‘నోరు’ అని పేరు పెడతాను. ఎక్కడ నోరు తనంతట తాను ఆగిందో అక్కడ డ్రమ్స్ ఆగాలి. ఎక్కడ ఊపిరి చాలక తడబడ్డానో అక్కడ దరువు మరీ కిక్కిరిసిందని అర్థం. చరణం చివర ఏ ముక్తాయింపు నోటికి వచ్చిందో ఫిల్ (ఒక భాగం నుంచి ఇంకో భాగానికి తిప్పే చిన్న వాయింపు) అదే. నోటితో అనలేని దరువును మౌసుతో గీయడం నేను పూర్తిగా మానేశాను.

ఇక ఈ నోటి దరువును చేతికి దించాలి. మీ ఆక్టోప్యాడ్‌ను మూలన పెట్టానన్నారు. దాన్ని బయటికి తీయండి, మీ దగ్గరున్న అన్నిటికన్నా విలువైన పనిముట్టు అదే. మీది ఎస్పీడీ 20 మోడల్ అయితే అయిదు సూదుల మిడి (వాయించిన దెబ్బలను సంఖ్యలుగా పంపే పద్ధతి) తీగతో సౌండ్ కార్డుకు కలపాలి. ఎస్పీడీ 30 అయితే యూఎస్‌బీతోనే కుదురుతుంది. ప్యాడ్ పంపే నోటు సంఖ్యలు సాఫ్ట్‌వేర్ ఎదురుచూసే సంఖ్యలతో సరిపోవాలి. జనరల్ మిడి పద్ధతిలో కిక్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) 36, స్నేర్ (గలగలలాడే చిన్న డ్రమ్) 38, మూసిన హై-హ్యాట్ (పెడల్‌తో మూసి తెరిచే జంట పళ్లేలు) 42, తెరిచిన హై-హ్యాట్ 46, క్రాష్ (పెద్దగా మోగే పళ్లెం) 49, రైడ్ (వరుసగా కొట్టే పళ్లెం) 51. ప్యాడ్‌లో ఈ సంఖ్యలు ఒకసారి పెట్టి దాచుకుంటే మళ్లీ చూడనక్కరలేదు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు తమ సొంత సంఖ్యల పటం వాడతాయి. వాటిలో ‘జనరల్ మిడి’ అనే ఎంపిక ఉందేమో ముందు చూడండి.

కొట్టిన దెబ్బకూ వినిపించే శబ్దానికీ మధ్య ఆలస్యం ఉంటే లయ చెదురుతుంది. సౌండ్ కార్డు బఫర్‌ను (శబ్దాన్ని పంపే ముందు పోగుచేసుకునే చోటును) 128 శాంపిళ్లకు తగ్గించండి. 48 కిలోహెర్ట్జ్ వద్ద దాని ఆలస్యం సుమారు 2.7 మిల్లీసెకన్లు. 1024 దగ్గర వదిలేస్తే 21 మిల్లీసెకన్లు దాటుతుంది, దానితో వాయించే చేయి తెలియకుండానే ముందుకు పరిగెడుతుంది. వాయించడం పూర్తయ్యాక బఫర్ మళ్లీ పెంచుకోవచ్చు.

వాయించేటప్పుడు నేను ముందు కిక్, స్నేర్ కలిపి తీసుకుంటాను. రెండోసారి హై-హ్యాట్ ఒక్కటే. ఈ రెండోసారిని మాత్రం దయచేసి నాలుగు బార్లు (తాళం చుట్లు) వాయించి మిగతాదంతా నకలు చేయకండి. పాట మొత్తం, నాలుగు నిమిషాలైనా అయిదు నిమిషాలైనా, గొంతు వింటూ ఒకే విడతలో వాయించండి. పాట ఎదుగుదలను మోసేది హై-హ్యాటే. గాయకుడు గొంతు పెంచినప్పుడు మీ చేయి తనంతట తాను బరువెక్కుతుంది, తగ్గించినప్పుడు తేలికవుతుంది. ఈ చిన్న తేడాలను తర్వాత మౌసుతో తెచ్చిపెట్టాలంటే ఒక రోజు పడుతుంది, అయినా రావు. మూడోసారి క్రాష్‌లు, ఫిల్‌లు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక జాతర పాట పూర్తి చేసి, ఊళ్లో డోలు వాయించే ఒక పెద్దాయనకు వినిపించాను. కళ్లు మూసుకుని విని, ‘ఈ వాయించేవాడికి చేతులెన్ని?’ అని అడిగారు. ఆయన వేళాకోళం చేయలేదు, నిజంగానే తెలియక అడిగారు. వెనక్కి వెళ్లి చూస్తే, టామ్‌ల (పుల్లలతో కొట్టే గుండ్రటి డ్రమ్‌ల) మీద ఫిల్ నడుస్తుండగా దాని కిందే హై-హ్యాట్ కూడా ఆగకుండా నడుస్తోంది. చివర రెండు క్రాష్‌లు, స్నేర్ ఒకేసారి పడుతున్నాయి. అది వాయించాలంటే మనిషికి నాలుగు చేతులు కావాలి. వినేవాళ్లకు డ్రమ్స్ గురించి తెలియకపోయినా, ఎక్కడో ఏదో అబద్ధం ఉందని చెవి పట్టేస్తుంది. మీ గాయకుల చెవి పట్టింది కూడా అదేనని నా నమ్మకం.

అందుకే మూడు విడతలూ అయ్యాక మిడి కిటికీ తెరిచి బారు బారుగా వెళ్తాను. ఏ క్షణంలోనైనా చేతులకు రెండు దెబ్బలు, కాళ్లకు రెండు, అంతకు మించి ఉండకూడదు. ఫిల్ ఉన్నచోట హై-హ్యాట్ దెబ్బలు తీసేస్తాను. క్రాష్ పడిన చోట కూడా అంతే, ఎందుకంటే ఆ చేయి క్రాష్ మీదికి వెళ్లింది. ఎడమ కాలు హై-హ్యాట్ పెడల్ మీద ఉంటుంది కాబట్టి ఫిల్ సాగుతున్నంతసేపు పెడల్ దెబ్బ, అంటే నోటు 44, మెల్లగా నడవవచ్చు. ఇది పాటకు చాలా సహజమైన ఊపిరి ఇస్తుంది. గజ్జెలు, చప్పట్లు, తాళాలు వేరే మనిషి వాయించేవి. వాటికి ఈ లెక్క వర్తించదు, వేరే ట్రాకులో పెట్టండి.

వెలాసిటీ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే యంత్రం వాసన వచ్చేది ముఖ్యంగా ఇక్కడే. మిడిలో దెబ్బ బలం 1 నుంచి 127 దాకా. మంచి లైబ్రరీలో ఒకే స్నేర్‌ను మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా ఎన్నో మెట్లలో కొట్టి రికార్డు చేసి ఉంటారు. ఒక్కో మెట్టులో కూడా ఒకే బలంతో కొట్టిన దెబ్బలు కొన్ని ఉంటాయి, వాటిని సాఫ్ట్‌వేర్ వంతులవారీగా వాడుతుంది. అంటే వెలాసిటీ మారితే శబ్దం ఎక్కువ తక్కువ కావడమే కాదు, దాని రంగే మారుతుంది. మీరు అన్నీ 127 దగ్గర పెడితే డబ్బు పెట్టి కొన్న మెట్లలో పై మెట్టు ఒక్కటే వింటున్నారు. పాటంతా ఒకే పిడిగుద్దు.

ఒక ఉదాహరణ. నిమిషానికి 92 దెబ్బల చతురశ్ర పాట, బారుకు నాలుగు దెబ్బలు. ప్రతి దెబ్బనూ తకధిమి అనుకోండి. కిక్ మొదటి దెబ్బ ‘త’ మీద 110, మూడో దెబ్బ ‘ధి’ మీద 95. స్నేర్ రెండో దెబ్బ ‘త’ మీద 108, నాలుగో దెబ్బ ‘త’ మీద 112. రెండో దెబ్బ ‘మి’ మీద చాలా మెల్లగా ఇంకో స్నేర్, 32. అది విడిగా వినబడకూడదు, తీసేస్తే మాత్రం ఏదో పోయిందని తెలియాలి. హై-హ్యాట్ ప్రతి ‘త’, ప్రతి ‘ధి’ మీద: 88, 62, 84, 60, 90, 64, 82, 66. ఈ సంఖ్యలను ఉన్నవి ఉన్నట్టు వేసుకోమని కాదు, బరువు, తేలిక వంతులుగా ఎలా వస్తున్నాయో చూడమని. పల్లవిలో హై-హ్యాట్‌ను పుల్ల కొనతో కొట్టే శబ్దం, ఊపు పెరిగే చోట పుల్ల నడుముతో అంచు మీద కొట్టే శబ్దం వాడండి. చాలా లైబ్రరీల్లో రెండూ వేరువేరు నోట్ల మీద ఉంటాయి.

కాలం సంగతీ అంతే. ఈ వేగంలో ఒక దెబ్బ 652 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 163. వాయించినదాన్ని గ్రిడ్‌కు (తెరమీది కాలం గీతలకు) వంద శాతం క్వాంటైజ్ చేస్తే, అంటే దెబ్బలన్నిటినీ సరిగ్గా గీతల మీదికి లాగితే, వాయించిన కష్టమంతా వృథా. నేను అరవై, డెబ్బై శాతం దగ్గర ఆపుతాను. తర్వాత స్నేర్ ఒక్కదాన్ని పది మిల్లీసెకన్ల దాకా వెనక్కి జరిపి వింటాను. నెమ్మది పాటకు ఆ వెనకడుగు గొప్ప నిబ్బరం ఇస్తుంది. జాతర పాటకు ఇది పనికిరాదు, అక్కడ స్నేర్ గ్రిడ్ మీదే ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో మానవ సహజత్వం తెచ్చే మీట ఒకటి ఉంటుంది, దాన్ని నేను నమ్మను. అది దెబ్బలను ఇష్టమొచ్చినట్టు ముందుకూ వెనక్కూ చల్లుతుంది. మనిషి తేడాకు ఒక దిక్కు ఉంటుంది. ఒక వాయిద్యకారుడు ఎప్పుడూ స్నేర్‌ను కొంచెం వెనక వేస్తాడు, ఇంకొకరు ఫిల్‌లో ఎప్పుడూ తొందరపడతారు. ఆ స్థిరమైన అలవాటునే మనం మనిషిగా గుర్తుపడతాం.

లైబ్రరీ గ్రూవ్‌లను వదిలేయమని నేను అనడం లేదు. నోటి ట్రాకు ఉన్నాక అవి బాగా పనికొస్తాయి. ఈజీడ్రమ్మర్‌లో కిక్, స్నేర్ తట్టి చూపిస్తే దానికి దగ్గరగా ఉన్న గ్రూవ్‌లను వెతికిపెట్టే సౌకర్యం ఉంది. మీ నోటి దరువును అందులో తట్టండి. దొరికినవాటిలో ఒకదాన్ని తీసుకుంటే, పాట మొత్తానికి ఆ ఫోల్డర్ దాటి పోకండి. ఒక ఫోల్డర్‌లోని రకాలు ఒకే చేతి వరుసలో ఉంటాయి. పల్లవికి ఒక చోటి నుంచి, చరణానికి ఇంకో చోటి నుంచి తెస్తే మధ్యలో డ్రమ్మర్ మారిపోయినట్టు ఉంటుంది. ఆ తర్వాత చేసే మొదటి పని కిక్‌లు తగ్గించడం. బేస్ గిటార్ ఎక్కడ పలుకుతోందో అక్కడివి ఉంచి, మిగతావాటిలో సగం తీసేయండి.

తిశ్ర నడక పాటలు మీకు కుదరకపోవడానికి కారణం దాదాపు ఖాయంగా ప్రాజెక్టు అమరికే. మన పల్లె పాటల్లో చాలావాటి నడక తకిట తకిట. మీరు ప్రాజెక్టును 4/4లో, పదహారో వంతు గ్రిడ్‌తో తెరిచి, అందులోకి దాన్ని ఇరికిస్తున్నారు. 6/8గా మార్చండి, గ్రిడ్‌ను ఎనిమిదో వంతుకు పెట్టండి. అప్పుడు బారుకు రెండు తకిటలు వస్తాయి. ఒక చిక్కు ఉంది. చాలా సాఫ్ట్‌వేర్‌లు టెంపోను పావు నోటుతో లెక్కిస్తాయి. మీ కాలు నిమిషానికి 100 సార్లు తాళం వేస్తుంటే, ఒక్కో తాళంలో మూడు ఎనిమిదో వంతులుంటాయి కాబట్టి అక్కడ 150 అని పెట్టాలి. 100 అని పెట్టి, పాట ఈడుస్తోందని గ్రూవ్‌లను తప్పుపట్టేవాళ్లను చాలామందిని చూశాను. గ్రూవ్‌లు వెతికేటప్పుడు కూడా 6/8 విభాగంలోనే వెతకండి.

తకిటలో మూడు అక్షరాలూ సమానంగా ఉండవని గమనించండి. మన వాయిద్యకారులు మొదటిదాన్ని గట్టిగా పట్టి, మూడోదాన్ని తర్వాతి ‘త’ వైపు కొంచెం తోస్తారు. హై-హ్యాట్‌లో 92, 55, 70 అన్న వరుసతో మొదలుపెట్టి, మూడో దెబ్బను కాస్త ముందుకో వెనక్కో జరుపుతూ, మీ ఊరి డోలు మీ చెవిలో పలికేదాకా వినండి. దానికి సంఖ్య చెప్పలేను, ఊరూరికీ మారుతుంది.

ఎత్తుగడ గురించి కూడా ఇక్కడే చెప్తాను. మన పాటల్లో చాలావాటిలో మాట సమం (తాళం మొదటి దెబ్బ) మీద మొదలవదు, సమం దాటి అర దెబ్బకో ముప్పావు దెబ్బకో మొదలవుతుంది. లైబ్రరీ ఫిల్‌లను చాలావరకు సమం మీద పెద్ద క్రాష్‌తో ముగిస్తాం. ఆ క్రాష్ మోత సరిగ్గా పల్లవి మొదటి అక్షరం మీద పరుచుకుంటుంది. సాహిత్యంలో అతి విలువైన అక్షరం అదే. అలాంటి చోట సమం మీద కిక్ ఒక్కటే ఉంచుతాను, లేదా క్రాష్‌ను 70 దాకా తగ్గిస్తాను. ఫిల్‌ను ముక్తాయింపులా ఆలోచించండి. మూడుసార్లు అని సమం మీద వాలే చిన్న మాట చాలు. అది కూడా చరణం నుంచి పల్లవికి తిరిగే చోటే. నాలుగు బార్లకొకసారి వేస్తే ఏ తిరుగుడుకూ విలువ ఉండదు.

డప్పు విషయంలో మీ వరుసను పూర్తిగా తిరగేయాలి. డ్రమ్స్ అంతా కట్టి, క్లిక్ పెట్టి, డప్పు కళాకారుడిని దానికి అనుగుణంగా వాయించమంటున్నారు. జాతరల్లో గరగల ముందు, గుంపు నడకతో పాటు వాయించే అలవాటున్న మనిషి ఆయన. చెవిలో టిక్కు టిక్కు పెట్టగానే ఆయన చేతిలోని ప్రాణం పోతుంది. ఆయన్ని గైడు గొంతు ఒక్కటే వింటూ తన ఇష్టానికి వాయించనివ్వండి. తర్వాత ప్రతి బారు సమం దగ్గర ఒక గుర్తు పెట్టి, సాఫ్ట్‌వేర్‌తో టెంపో పటం (ఎక్కడెక్కడ వేగం ఎంతో చూపే పట్టిక) కట్టించండి. రీపర్ వంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లలో ఇది అరగంట పని. అప్పుడు గ్రిడ్డే ఆయన వెంట వంగుతుంది, మీ డ్రమ్స్ ఆ గ్రిడ్ వెంట నడుస్తాయి. చరణం చివర వేగం నిమిషానికి రెండు మూడు దెబ్బలు పెరుగుతుంది, దాన్ని సరిచేయకండి. ఆ పెరుగుదలే జాతర.

తోలు డప్పును మంట దగ్గర కాచి శ్రుతి పెంచుతారు. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, వానాకాలమైతే కాచిన కాసేపటికే మళ్లీ దిగుతుంది. కాబట్టి చిన్న చిన్న విడతలుగా తీసుకుని, మధ్యమధ్య కాయనివ్వండి. శ్రుతి దిగిన విడతను ఎక్కిన విడతకు అతికించకండి. ఫైబర్ డప్పుకు ఈ ఇబ్బంది లేదు, కానీ తోలులోని గుండె దానికి లేదని నా అభిప్రాయం. మైకు మూడు నాలుగు అడుగుల దూరంలో పెట్టండి. సున్నం గోడల చిన్న గది కన్నా వసారా మేలు. కాలవ గట్టు మీది పక్షుల గోల కొంచెం వస్తుంది, డప్పు మోతలో అది వినబడదు.

డప్పు ఉన్న పాటలో టామ్‌లు పూర్తిగా తీసేస్తాను. రెండూ ఒకే చోటు కోసం కొట్టుకుంటాయి. కిక్ కూడా సమం దగ్గర, బారు సగంలో, అంతే. మీ గందరగోళం చాలావరకు దీనితోనే పోతుంది.

మిక్సింగ్ గురించి ఎక్కువ చెప్పను, దరువు సరిగా ఉంటే అది సులువు. కట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లోని తయారు మిక్సునే రెండు చానళ్లలో వాడండి. పాట ఖాయమయ్యాకే కిక్, స్నేర్, ఓవర్‌హెడ్‌లు (డ్రమ్స్ పైన వేలాడే మైకులు), గది మైకులు వేరువేరు చానళ్లకు పంపండి. గొంతు మాటలు స్పష్టంగా వినబడకపోతే ముందు గది మైకులు తగ్గించండి. జాతర పాటైతే అది చివరికి హారన్ మైకుల్లో మోగుతుందని గుర్తుంచుకోండి. వాటిలో కిక్ అడుగు శబ్దం దాదాపు వినబడదు, పెడల్ సుత్తి తోలును తాకే టక్కు మాత్రమే వినబడుతుంది. ఆ టక్కు 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, అక్కడ కొంచెం ఎత్తండి. ఫోను స్పీకరులో కిక్ ఎక్కడ పడుతోందో తెలిస్తే చాలు.

పాట ముగిశాక మిడి ఫైలును విడిగా దాచండి. ప్రతి డ్రమ్ చానల్‌నూ ఆడియోగా తీసి పెట్టండి. దానితో పాటు నోటి ట్రాకు కూడా. చాలా ఏళ్ల కిందట చేసిన ఒక పాటకు కొత్త చరణం కలపాలని ఒక గాయని ఈ మధ్య వచ్చారు. ప్రాజెక్టు తెరిస్తే అప్పటి డ్రమ్ సాఫ్ట్‌వేర్ ఇప్పటి కంప్యూటర్‌లో పనిచేయలేదు. ఆడియో తీసి పెట్టుకోలేదు. మిడి ఉంది కానీ పాత పటానికి రాసినది కావడంతో స్నేర్ పడాల్సిన చోట తాళాలు మోగాయి. ఆ ఫోల్డర్‌లో నోటి ట్రాకు దొరికింది. దాన్ని చెవిలో పెట్టుకుని, ఆక్టోప్యాడ్ ముందు కూర్చుని, ఆ మధ్యాహ్నమే కొత్త చరణంతో సహా పాటంతా మళ్లీ వాయించాను.